సున్నా టికెట్టు

కరెంటు బిల్లు వెనకపక్క తెల్లగుంది.
మా కర్నూలు అక్కడ మొదలైంది.

"రెండు దినాలు, ఒక రాత్రి" అని రాసి
కింద గీత కొట్టినాడు ఆయన,
పరుపు గుడ్డ మీద కత్తెరకు దోవ గీసినట్టు.
పత్తికొండలో పెండ్లిండ్లు అయిపోయినాయి.
ఈ ఎండలకు దూది ఏకించుకునేదెవురు?
అంగడి మూసినా అడిగేవాళ్ళు లేరు.
అడగాల్సింది డబ్బానొక్కదాన్నే,
దాంట్లో రెండువేల మూడునూర్లు.

బస్సుకు
నాకూ పాపకూ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు.
ఆయనకు నూటిరవై, రానూ పోనూ రెండు నూటిరవైలు.
"ఈ ఇంట్లో ఖర్చంతా నేనే" అని నవ్వినాడు.
అప్పటికి అది నవ్వులాటే.

రిజ్వానా బురుజు ఎక్కాలంది.
తుంగభద్రలో కాళ్ళు పెట్టాలంది, నీళ్ళుంటే.
పెద్దంగట్లో నడిచే మెట్లుంటాయంట,
నిలబడితే చాలు, అవే పైకి తీసకపోతాయంట.
"ఎక్కేదానికి దుడ్లు అడగరు గదా మా?"

జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి మూట కడతాం.
ఒక్కపూట మాత్రం హోటల్లో ఉగ్గాని, బజ్జి.
"ఉగ్గాని నువ్వు చెయ్యవా ఏంది?"
చేస్తా.
ఇంకొకరు చేసింది కూచోని తినాల.
తిండికి నాలుగునూర్లు, ఆటోకు రెండు.

"నీకేం కావాల?" అన్నాడు చివర్న.
పెన్సిలు లాక్కొని నేనే రాసినా: ఏసీ.
ఎంతమందికి బొంతలు కుట్టింటి నేను!
మే నెలలో
చలి పుట్టి
ఒక్కటి కప్పుకోవాల.

బస్టాండు ఎదురు లాడ్జికి ఫోను కొట్టినాడు.
ఫ్యాను రూము ఏడునూర్లు, ఏసీ పదమూడు.
కూడినాడు, తీసేసినాడు, మళ్ళీ కూడినాడు.
నూట అరవై మిగిలింది.
నన్నారి తాగొచ్చు, గ్లాసు తర్వాత గ్లాసు.

అంతవరకూ గోడకానుకోని
వక్కాకు నములుతున్న మా అత్త లాలమ్మ
"నాకూ సున్నానే గదా కాశీమా" అనింది.

రెండేండ్లు తొలకరికి జొన్నగిరి చేలల్లో
వజ్రాలేరను పోయిన మనిషి.
గాజుపెంకు కూడా దొరకలే.
ఆధార్ కార్డు మాత్రం పోగొట్టుకోలే.
"పెద్దాస్పత్రికి పోయింటి మీ నాయనతో.
ఊరు చూడ్లే. గోడలు చూసినా."

ఇంకొక పరుపుకు రెండునూట యాభై.
ఆమె తిండికి నూటయాభై.
పరుపులు కుట్టేటోళ్ళం,
పరుపుకు బాడిగ రాస్తా ఉంటే
ఆయన చెయ్యి రొవంత ఆగింది.

తక్కువైంది రెండునూట నలభై.
ఆయన బస్సు చార్జి ఎంతో అంత.

నాకంటే ముందే ఆయనకు కనపడింది.
పై వరసలో "నేను" అన్న మాట కాడికి పెన్సిలు పోయింది.
"అంగడి ఎవురు చూస్తారు లే" అన్నాడు.

ఫ్యాను రూము చాలు, నువ్వు రా, అనాల నేను.
అంటా.
అనే లోపల ఒక నిమిషం
చల్లగా మూసుకున్న తలుపును తలుచుకున్నా.
అబద్ధమెందుకు.
ఆ నిమిషాన్ని ఆయన చూసినాడు.
పెన్సిలు చెవిమీద పెట్టుకొని
ఉక్కకు చొక్కా ఇప్పి విసురుకుంటా
వేరేపక్క తిరిగినాడు.

అంతలో కరెంటు పోయింది.

నలుగురం మిద్దె మీదికి చేరినాం.
పొద్దున పోసిన నీళ్ళకు కూడా బండలు చల్లారలే.
అత్త అప్పుడే నిద్రపోయింది, కార్డు తలకింద పెట్టుకొని.
"నాయనా, నడిచే మెట్లంటే నీకు భయమా?"
"భయమే."
"అయితే చెయ్యి పట్టుకుంటాలే."
ఆయన ఉలకలే, పలకలే.

నేను చీకట్లో కిందికి దిగి
కాగితం కోసం తడివినా.
ఏసీ అన్న మాట యాడుందో
వేళ్ళకే తెలిసింది,
అంత గట్టిగా ఒత్తి రాసింటి.